పెట్టెలో వేసిన చీటీ

మా ఆయన తోమాగారికి నా మీద ప్రేమ ఎక్కువండీ. ఎంత ప్రేమంటే, నా ఫోన్లో నెలసరి తేదీలు రాసుకునే యాప్ ఉంటే, నేను స్నానానికెళ్లినప్పుడు దాన్ని తన ఫోనుకి కలిపేసుకున్నారు. గణపవరంలో చేపల మేత కొట్టు ఆయనది. ఎవరి చెరువుకి ఎన్ని బస్తాలు పంపాలో రోజూ మర్చిపోయే మనిషికి, నాకు నాలుగు రోజులు దాటిన సంగతి మాత్రం భలే గుర్తుంది.

వెంటనే మా అత్తయ్య పుష్పమ్మగారి చెవిన వేశారు. ఆవిడ ఊరుకుంటారా? చీటీ రాసి చర్చిలో ప్రార్థన మనవుల పెట్టెలో పడేశారు. మా జాకబ్ అయ్యగారు చీటీలు ముందుగా చూసుకోరు, తీసింది తీసినట్టు మైకులో చదివేస్తారు. సహోదరి షారోన్‌కి నాలుగు రోజులు దాటిందట, దేవుడు గర్భఫలం నిలబెట్టాలట. ఆ మైకు చెరువుగట్ల మీద కాపలా వాళ్లక్కూడా వినపడుతుంది.

నిరుడూ ఇలాగే చాటారు. రెండో నెలలో పోయింది. పరామర్శకి వచ్చినవాళ్లందరికీ కాఫీలు కలిపింది నేనే, ఏడవడానిక్కూడా తీరిక దొరకలేదు. అందుకే ఈసారి నా అంతట నేను చెప్పేదాకా ఎవరికీ తెలియకూడదనుకున్నాను. నేను కోరుకున్నది అదొక్కటే.

ఎందుకు చేశారని అడిగితే, మనవాళ్లేగా, ప్రార్థన చేయిస్తే తప్పేంటన్నారు మా ఆయన. నిజమే, తప్పేంటి? పై ఆదివారం నేనూ ఓ చీటీ వేశాను. అయ్యగారు గొంతు సవరించుకుని చదివారు. సహోదరుడు తోమాకి మొలలు తిరగబెట్టాయి, మూడు రోజులుగా కూర్చోలేకపోతున్నారు, తాడేపల్లిగూడెం డాక్టరుగారు ఆపరేషన్ అన్నారు, స్వస్థత కోసం ప్రార్థించాలి. మగవాళ్ల వైపు తలలన్నీ ఆయన మీదకి తిరిగాయి. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మా అత్తయ్యే, అలవాటు కొద్దీ.

ఇంటిదాకా మా ఆయన బండి సీటు అంచున కూర్చునే నడిపారు. గుమ్మంలోకి వచ్చాక అన్నారు:

"నా ఒంటి సంగతి ఊళ్లో చెప్పేముందు నన్నో మాట అడగక్కర్లేదా?"

ఎంత చక్కగా అడిగారండీ! తనదాకా వస్తేగానీ తెలియదు మరి. ఆయన ఫోన్ కోసం చెయ్యి చాపాను. జేబులోంచి తీసి ఇచ్చారు. ఆయన ఎదురుగానే ఆ యాప్ తీసేశాను.

ఇంతకీ నాకు నిలిచిందా లేదా అని అడగబోతున్నారు కదూ? మీకెందుకండీ?