ఖాళీగా రాని బుట్ట

మా ఇంటి బుట్ట ఎవరింటికి వెళ్లినా ఖాళీగా తిరిగి రాదు. నూజివీడులో అది మర్యాద. మాది మామిడికాయల వ్యాపారం. తొలికోత కాయలు ముందు డాక్టర్ల ఇళ్లకే వెళ్లాలని మా ఆయన పట్టుదల. ఊళ్లో డాక్టరు గారికి ఒక బుట్ట, బెజవాడ పెద్ద డాక్టరు గారికి ఒకటి, నాటువైద్యం చేసే ఆచారి గారికి ఒకటి. వాళ్లు తిరిగి ఏం పెట్టి పంపుతారు? వాళ్ల దగ్గర ఉండేవే పెడతారు.

రక్తపోటుకి బెజవాడ మాత్రలు, నిద్రకి ఆచారి గారి గుళికలు, నీరసానికి ఊరి డాక్టరు గారి టానిక్కు. ఒకరి మందు సంగతి ఇంకొకరికి తెలిస్తే నొచ్చుకుంటారని, ఎవరికీ చెప్పనని మా ఆయన నా చేత తన తల మీద ఒట్టు వేయించుకున్నారు. మూడిళ్ల మర్యాదా ఒక్క ముసలి కడుపులో దాచాలట. నా ఖర్మ.

రెండేళ్ల కిందట, పంతొమ్మిది వందల అరవై రెండు వేసవిలో, కాయ తొడిమ దగ్గర బొటనవేలు ఆనించి ఏ రోజుకి పండుతుందో చెప్పిన మనిషి. చాట్రాయి రైతులు కూడా ఆ మాటకి ఎదురు చెప్పేవారు కాదు. నన్ను ఏదో ఒకటి అని ఏడిపించనిదే ఆయనకి అన్నం సయించేది కాదు. ఈ వేసవికి చేతులు వణుకుతున్నాయి, లేస్తే తూలుతున్నారు. నన్ను ఏడిపించడం మానేశారు. అన్నిటికన్నా నాకు అదే భయం.

మందులన్నీ కొంగున కట్టుకెళ్లి, ఊరి డాక్టరు గారి కాంపౌండరు సువర్ణరాజుకి చూపించాను. ఆయన తూలుడు సంగతి చెప్పాను గానీ, ఎవరిచ్చారో చెప్పలేదు. అతను మాత్ర తిప్పి చూసి, గుళిక వాసన చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మగారూ, ఈ మాత్రా ఈ గుళికా రెండూ సర్పగంధేనండి, రక్తపోటు దించే వేరు. రెండూ వేస్తే మనిషి ఇలాగే కుంగిపోతాడు."

"ఆ ముక్క మీ డాక్టరు గారితో చెప్పు నాయనా."

"కాంపౌండరు వైద్యం చెబితే రేపట్నుంచి పని ఉండదండి. మీరే చెప్పండి."

మర్నాడు వెళ్లాను. వట్టి చేతులతో ఎలా వెళ్తాను? బుట్ట పట్టుకునే వెళ్లాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది.

"తూలుతున్నారండి. మందులు ఎక్కువయ్యాయేమోనండి."

డాక్టరు గారు నవ్వారు. "నేనిచ్చింది టానిక్కే కదమ్మా. తూలుడికి వేరే మాత్రలున్నాయి."

మిగతా రెండిళ్ల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చింది. ఆ తల మీద ఒట్టు తప్పే ధైర్యం నాకు లేదు. కాయలు లోపలికి పంపి, అదే బుట్టలో కొత్త మాత్రల సీసా పెట్టించారు. సువర్ణరాజు గోడవైపు తిరిగి సీసాలు తుడుస్తున్నాడు.

పోనీ నేనే ఆపుదామంటే, మందుల డబ్బా దిండు కింద పెట్టుకున్నారు. ఒక పూట దాస్తే, "నన్ను చంపుదామనుకుంటున్నావా?" అన్నారు. ఏడుస్తూ నేనే తెచ్చిచ్చాను.

కొత్త మాత్రలు మొదలుపెట్టాక మాట కూడా పోయింది. నిన్న మధ్యాహ్నం బంగినపల్లి కోసి, మొదటి ముక్క ఆయన అరచేతిలో పెట్టాను. తొందరపడి కోశావే వెర్రిదానా అని తిడతారేమోనని ఆశగా చూశాను. ఆయన ముక్కని నమలకుండా నాలుక వెనక్కి వేసుకుని, తల పైకెత్తి, నీళ్ల కోసం చెయ్యి చాచారు.