వంజరం మొప్పల్లో లేని పురుగు

థీసిస్ ఇచ్చేలోగా చేయాల్సినవని కమలకుమారి గారు నాకు రాసిచ్చిన పనులు: బొమ్మలు అట్టలకు అంటించాలి. అబిడ్స్‌లో టైపుకిచ్చిన కాగితాలు తేవాలి. బైండింగు అఫ్జల్‌గంజ్‌లో. ఫొటోకి మంచి పురుగు కావాలి, ఇంకో రెండు వంజరాలు కొని మొప్పలు చూడాలి. సహాయకుడిగా నా సంతకం. ఆపైన సార్ సంతకం.

అది 1967. నాంపల్లిలో మా కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో ఆమె పరిశోధకురాలు. కాకినాడ వాళ్లు. నేను ఎమ్మెస్సీ అయి కొత్తగా చేరాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి, చెప్పిన పని చెప్పినట్టు చేసేవాణ్ణి.

సముద్రపు చేపల మొప్పలను పట్టుకుని బతికే చదును పురుగుల మీద ఆమె పరిశోధన. ఏ పురుగు ఏ చేపలో ఉంటుందో రాయాలి, దాన్ని ఏ జాతిలో చేర్చాలో తేల్చాలి. వంజరంలో దొరికిన ఒకటి కొత్త జాతి అని తేల్చి, మా విభాగం ఆచారం ప్రకారం దానికి గైడు అమరేశ్వరరావు గారి పేరు పెట్టారు. అది పరిశోధన పత్రికలో అచ్చయింది కూడా. సార్ ఆ పేజీకి అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నారు.

హైదరాబాదుకు సముద్రం లేదు కదా. కోస్తా నుంచి ఐసులో రైలెక్కి వచ్చే చేపలను మొజంజాహీ మార్కెట్ వెనక జంగమ్మ దగ్గర కొనేవాళ్లం. ఎప్పుడూ ఎండెక్కాకే వెళ్లేవాళ్లం. ఆ రోజు పనులు ఎక్కువై పెందలాడే బయల్దేరాం. జంగమ్మ గంపలన్నీ ఒకే తొట్టిలో గుమ్మరించి చందువలనూ వంజరాలనూ కలిపి కడుగుతోంది.

"జంగమ్మా, అన్నీ ఒకే నీళ్లలోనా?" కమలకుమారి గారి గొంతు మారింది.

"మరి ఒక్కొక్కదానికి అలగ్ తానం చేపియ్యాల్నా? పెండ్లికి వోతున్నయా గవి?" జంగమ్మ నవ్వింది. "జర మెరిస్తెనే కొంటరమ్మా. మీరైతె మొప్పలు గోసుకొని పోతరు, కూర ఎవరికి వెడ్తరో ఏమో!"

ఆమె నవ్వలేదు. ఒక చేప పురుగు ఆ నీళ్లలో ఊడి ఇంకో చేప మొప్పలకు అంటుకుని ఉంటే?

ఆ తర్వాత రైలు దిగిన గంపలను నాంపల్లి స్టేషన్లోనే విప్పించి, వంజరాలు విడిగా కొన్నాం. ఎన్ని కోసినా ఆ పురుగు లేదు. చందువల్లో ఉంది. మొప్పను పట్టుకునే దాని కొక్కేల వరస సరిచూస్తే అది చందువలో ఎవరో ఎప్పుడో చూసి రాసిన పాత జాతే. చేప వేరు కదా అని మేం పురుగునూ వేరు చేశాం.

"వంజరం అధ్యాయం తీసేస్తాను సార్. పత్రికకు సవరణ రాస్తాను" అన్నారామె.

"తీసేస్తావా? అమ్మాయ్, అది నా పేరున్న పురుగు!"

"పేరు మీదే సార్. పురుగు మాత్రం చందువది."

"నేను సంతకం పెట్టకపోతే నీకు డాక్టరేటు ఎలా వస్తుందో చూస్తాను" అని సార్ నావైపు తిరిగారు. "ఏమోయ్ రాజనర్సూ, చేపల్ని దేనికది విడిగా సేకరించామని సంతకం పెట్టు. గొడవ వదిలిపోతుంది."

నోటికి మా ఊరి మాటే వచ్చింది. "పెట్ట సార్. అన్నీ ఒక్క తొట్లెనే ఉండె. నేను జూసిన."

"ఉద్యోగం అక్కర్లేదా?"

"గావాలె సార్. గని సంతకం పెట్ట."

వరండాలోకి వచ్చాక ఆమె కోప్పడ్డారు. "నా గోలలో నువ్వెందుకయ్యా దూరావు?"

"గా నీళ్లు నేను గూడ జూసిన గదక్కా."

అక్కడి నుంచి నేరుగా అబిడ్స్ పోస్టాఫీసుకు వెళ్లి సవరణను రిజిస్టరు చేశాం. సార్ అన్నంత పనీ చేశారు. ఆమెకు డాక్టరేటు రాలేదు, బళ్లో సైన్సు టీచరుగా చేరారు. నన్ను తీసేశారు, ఇంకో కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా బతికాను. పత్రిక ఆ సవరణను ఒక మూల, చిన్న అక్షరాల్లో వేసింది.

ఆమె మీద జాలిపడేవాళ్లను చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. సముద్రపు చేపల పురుగుల జాబితాలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. వాటిలో వంజరం కింద ఆ పురుగు పేరు ఉండదు. తన డాక్టరేటు పోగొట్టుకుని దాన్ని కొట్టేయించింది కాకినాడ కమలకుమారి గారు. చదివే మీరైనా ఆమెను గుర్తుంచుకోండి.