నూటికి రెండు పాళ్ల పొగ

నాకు శాలువా కప్పిన రోజే కంకులు కాల్చే బక్కమ్మ పొయ్యి తీసేస్తున్నట్టు ప్రకటించారు. రెండూ ఒకే వేదిక మీద, ఒకే మైకులో.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. వరంగల్ గాలిలో ఏముందో, అది ఎక్కడి నుంచి వస్తోందో తేల్చడానికి ఊరి గాలి కమిటీ నాకొక మిషన్ ఇచ్చింది. అది గాలి పీలుస్తుంది. లోపలి కాగితం మీద దుమ్ము పేరుకుంటుంది. ఆ దుమ్ము ఏ మంటలోంచి వచ్చిందో ల్యాబులో తెలుస్తుంది. తెలిసింది కూడా. అన్నిటికన్నా ఎక్కువ పొగ ఊరవతల చెత్త యార్డుది. అక్కడ ప్లాస్టిక్కూ టైర్లూ ఎప్పుడూ కాలుతూనే ఉంటాయి. మొక్కజొన్న కంకులు కాల్చే బొగ్గుల పొయ్యిల వాటా నూటికి రెండు పాళ్లు. దాచడం నాకు రాదు కాబట్టి నివేదికలో రెండూ రాశాను.

కమిటీ కన్వీనర్ రమాకాంత్ గారికి ఆ రెండు పాళ్లే కనిపించాయి. పర్యావరణ దినం సభలో నాకు శాలువా కప్పి, "స్వప్న మేడం పరిశోధన ప్రకారం" ఖిలా వరంగల్ దగ్గరున్న పొయ్యిలన్నీ తీసేస్తున్నామని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. మరి యార్డు? దానికి అన్ని కాలాల లెక్కలూ కావాలట, ఇంకా అధ్యయనం జరగాలట. యార్డు కాంట్రాక్టరు ముందు వరసలో కూర్చుని తలాడిస్తున్నాడు. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా!

నాకు ఒళ్లు మండింది. లేచి మైకు అందుకుని, నా లెక్క ప్రకారమైతే ముందు ఆర్పాల్సింది యార్డు మంట అన్నాను. మాట పూర్తయ్యేలోపు మైకు ఆపేశారు. తర్వాత టీల దగ్గర రమాకాంత్ గారు నన్ను పక్కకు పిలిచారు. సైన్స్ చెప్పడం మీ పని, నిర్ణయం తీసుకోవడం మా పని, ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టొద్దన్నారు. నా ప్రాజెక్టు ఫైలు ఆయన టేబుల్ మీదే ఉందని కూడా గుర్తుచేశారు. నా పేరు చెప్పి పేదవాళ్ల పొట్ట కొడుతుంటే అది నా పని కాకుండా ఎలా పోతుందని అడిగాను. ఆయన బిస్కెట్ టీలో ముంచుకున్నారు.

బక్కమ్మ కోట గోడ పక్కన ఎన్నో ఏళ్లుగా కంకులు కాలుస్తోంది. కోట చూడ్డానికి వచ్చినవాళ్లు ఆమె దగ్గర ఆగకుండా పోరు. ఆ పొయ్యి తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

మర్నాడు పొద్దున్నే నేనూ, మా ల్యాబులో పనిచేసే ఏలియా కలిసి మిషన్‌ను ఆటోలో తెచ్చి ఆమె పొయ్యి పక్కన దింపాం. ఎదురు టీకొట్టు నుంచి వైరు లాగి ఆన్ చేశాం. కాసేపటికి పొయ్యిలు ఎత్తుకెళ్లే లారీ వచ్చింది. దాని వెంట వచ్చిన కమిటీ ఇన్‌స్పెక్టర్ సుదర్శన్ నన్ను జర పక్కకు జరగమన్నాడు.

"శాంపిల్ నడుస్తాంది. ఇది కమిటీ మిషనే, ముద్ర చూడుండ్రి. అయ్యేదాక దీని చుట్టూ ఏదీ కదిలియ్యొద్దు" అన్నాను.

ఎప్పుడవుతుందని అడిగాడు.

"అన్ని కాలాల లెక్కలు గావాలని మీ సారే చెప్పిండు. ఇప్పుడే వానకాలం మొదలైంది. ఇంక చలికాలం, ఎండకాలం ఉన్నయి."

సుదర్శన్ నవ్వు దాచుకోవడానికి మొహం తిప్పుకుని ఫోన్ చేశాడు. లారీ ఖాళీగా వెళ్లిపోయింది.

సాయంత్రం రమాకాంత్ గారే వచ్చారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. గొంతులో తేనె కారుతోంది. పొయ్యిలు ఉంచేస్తారట. ప్రాజెక్టు కూడా పొడిగిస్తారట. నివేదిక చివరి ప్రతిలో యార్డు గురించిన పేరా ఒక్కటి తీసేస్తే చాలట.

నా సంగతైతే అప్పటికప్పుడే పొమ్మనేదాన్ని. కానీ పోయేది నా పొయ్యి కాదు. బక్కమ్మ కూడు పణంగా పెట్టి నేను శూరత్వం చూపించడం ఏం న్యాయం? అందుకే ఆయన ముందే ఆమెకు అంతా విప్పి చెప్పాను. పేరా తీసేస్తే పొయ్యి ఉంటుంది, ఉంచితే పొయ్యి పోతుంది, నువ్వే చెప్పు అవ్వా అన్నాను.

బక్కమ్మ చేతిలో విసనకర్ర ఆగింది.

"మా ఇల్లు ఏడున్నదో ఈ సారుకు ఎర్కేనా? ఆ యార్డు ఎనుకనే. మా మనుమరాలు పూజకు దమ్ము ఆడదు. పొద్దుమాపు దవాఖాన సుట్టే తిరుగుతాన" అంది. తర్వాత నావైపు తిరిగింది. "పొయ్యి తీస్కపోతె తీస్కపోనియ్యి. కూలికి పోయినదాన్నే, మల్ల పోత. నువ్వు ఆ మాట కొట్టెయ్యకు బిడ్డా."

నేను కొట్టెయ్యలేదు. మర్నాడే మిషన్ వెనక్కి తీసుకున్నారు, నా ఫైలు మూసేశారు, పొయ్యి లారీ ఎక్కింది. బక్కమ్మ ఏడవలేదు. ఆ లారీ వెనక నిలబడి నేను ఏడ్చాను, కోపంతో.

సోమవారం కలెక్టరాఫీసులో ప్రజావాణి. ఎవరైనా వెళ్లి అర్జీ ఇచ్చుకోవచ్చు. నివేదిక జిరాక్సులు పట్టుకుని ఒక్కదాన్నే వెళ్దామనుకున్నాను, బక్కమ్మతో ఆ మాట అన్నాను కూడా. తీరా గేటు దగ్గర చూస్తే యార్డు వెనక బస్తీ అంతా నిలబడి ఉంది. కంకుల వాళ్లు, ఆటోల వాళ్లు, చంకలో పిల్లలతో తల్లులు. అందరికంటే ముందు పూజ చేయి పట్టుకుని బక్కమ్మ.

మా వంతు వచ్చింది. బల్ల వెనకున్న అధికారి నివేదిక తిరగేసి, అర్జీ మీ పేరు మీద రాసుకోవాలా మేడం, పరిశోధన మీదే కదా అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే బక్కమ్మ ముందుకొచ్చి ఆ కాగితాల మీద చెయ్యి పెట్టింది.

"మా పేరు రాస్కో సారు. రాసింది ఈ బిడ్డ. పీల్చింది మేము."