రాగి బుగ్గ

“నీ మచ్చ అమ్మవారికి కూడా అంటించావు కదే” అన్నాడు ఉమాపతి, గుడ్డలో చుట్టి తెచ్చిన వెండి ముఖాన్ని వెనక వసారాలో పీట మీద పెడుతూ.

కోపంగా అనలేదు. పాలు విరిగిపోయాయని చెప్పినట్టు అన్నాడు. అందుకే ఆ మాట త్రిపురకి వెంటనే తగల్లేదు. చేతిలో చేట ఉంది, చేటలో ఎల్లుండి ప్రసాదాలకి బియ్యం ఉన్నాయి, రాళ్ళు ఏరుతోంది. ఇంకో రెండు రాళ్ళు ఏరి పారేశాక గాని అతను ఏమన్నాడో తెలియలేదు. తెలిశాక ఆమె చెయ్యి మొట్టమొదట చేసిన పని, ఎడమ బుగ్గ మీదికి కొంగు లాక్కోవడం. ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే.

నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో, మామిడి తోటల మధ్య ఉన్న ఊరు అది. ఆ ఊరి రాజరాజేశ్వరి గుడికి ఉమాపతి అర్చకుడు. వెండి ముఖం అమ్మవారిది. పద్దెనిమిదేళ్ళ క్రితం, తోటలు విరగకాసిన ఏడాది, ఆలయ కమిటీ పెద్ద బసవపున్నారావు చేయించి ఇచ్చాడు. లోపలున్న అసలు విగ్రహం నల్లరాయి. ఎన్ని తరాల అభిషేకాలు జరిగాయో, ముక్కు అరిగిపోయింది, కళ్ళు ఉన్న చోట రెండు గుంటల జాడ మాత్రం మిగిలింది. జనం చూసేది, దండం పెట్టేది ఈ వెండి ముఖానికే. అది వచ్చినప్పటి నుంచీ ప్రతి గురువారం ఉమాపతి దాన్ని ఇంటికి తేవడం, త్రిపుర స్నానం చేసి మడిచీర కట్టుకుని విభూతితో తోమి ఇవ్వడం. ఆ పనికి పేరంటూ లేదు. నెలలో ఆ మూడు రోజులు గురువారం మీద పడితే అతనే నీళ్ళతో కడిగి పెట్టేసేవాడు. ఆ శుక్రవారం అమ్మవారు నల్లగా ఉండేది, ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. తర్వాతి వారం తళతళలాడినప్పుడు మాత్రం, పంతులుగారు ఎంత శ్రద్ధగా చూసుకుంటారో అనుకునేవారు.

శుక్రవారం వార్షికోత్సవం కాబట్టి ఈసారి బుధవారమే తెచ్చాడు. అంతకు ముందు గుడిలో జరిగింది చెప్పాడు. బసవపున్నారావు ఫ్లెక్సీ కోసం సెల్‌ఫోనులో అమ్మవారి ముఖం ఫొటో తీశాడు. రోడ్డు మీద కట్టేంత పెద్దది చేయాలి కదా అని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. ఎడమ బుగ్గ మీద ఎర్రగా, రూపాయి బిళ్ళంత మచ్చ. కుంకుమేమో అని తుడిచి చూశారు. పోలేదు. పైన వెండి అరిగి కిందున్న రాగి బయటపడింది.

“మీ ఆవిడ దేంతో తోముతున్నారండీ పంతులుగారూ?” అన్నాడట బసవపున్నారావు.

అచ్చమైన వెండి ముఖం కింద రాగి ఎలా వచ్చిందని అక్కడ ఎవరూ అడగలేదు. చేయించిన పెద్దమనిషి అసలే అడగలేదు. మళ్ళీ పూత వేయించాలంటే విజయవాడలో నాలుగు రోజులు పడుతుందన్నారు. ఉత్సవం అయ్యాక చూద్దామనుకున్నారు.

“ఈలోగా గంధం కలిపి అక్కడ సర్దు. రంగు కుదర్చడం నీకు అలవాటేగా” అని ఉమాపతి కండువా దులుపుకుని గుడికి వెళ్ళిపోయాడు.

అలవాటే. ఏడేళ్ళ అలవాటు.

మొదటి మచ్చ ఆవకాయ రోజుల్లో వచ్చింది. ముక్కలు కొట్టిస్తున్నప్పుడు కాయ ముచిక దగ్గర సొన చిమ్మి బుగ్గ మీద పడ్డట్టు ఆమెకి గుర్తు. ఈ వైపు ఎవరికైనా ముఖం మీద ఏదైనా వస్తే ముందు సొన అనే అంటారు. సొన పడితే చర్మం కాలుతుంది, పొక్కు ఊడిపోతుంది, కొన్నాళ్ళు తెల్లగా ఉండి మామూలైపోతుంది. ఇంటికొచ్చిన బసవపున్నారావు భార్య గోవిందమ్మ కూడా చూసి, సొనేనమ్మా, వెన్న రాయండి అంది. ఎనిమిది నెలలు వెన్న రాసింది. సొన మచ్చ ఎనిమిది నెలలు పెరగదని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా అందరూ సొన అనే అన్నారు. త్రిపుర కూడా అంది. చివరికి విజయవాడ తీసుకెళ్తే డాక్టరు రెండు నిమిషాల్లో బొల్లి అని తేల్చేశాడు. అంటుకోదు, నొప్పి ఉండదు, ఒంటికి ఏ ప్రమాదమూ లేదు అన్నాడు. ఉమాపతి అడిగింది ఒక్కటే ప్రశ్న. “ఎక్కడిదాకా వస్తుందండీ?”

ఆ ప్రశ్నే ఆమెలో ఉండిపోయింది. అద్దం ముందు నిలబడితే ముఖం కనిపించడం మానేసింది. అంచు ఒక్కటే కనిపించేది. నిన్న పెదవి మూలకి ఎంత దూరంలో ఉంది, ఇవాళ ఎంత దూరంలో ఉంది. పొద్దున్నే ముగ్గు వేయడానికి ముందే ఇరవై నిమిషాలు కూర్చుని, ఒంటి రంగు క్రీము వేలి కొసతో అద్దుతుంది. వైశాఖం ఎండలకి పొయ్యి దగ్గర అది కరిగి మెడ మీదికి దిగితే మళ్ళీ అద్దుతుంది. నూజివీడులో చదువుకుంటున్న కూతురు మనోజ్ఞ ఒకసారి ఫోనులో ఫొటోలు వరసగా జరుపుతూ, “ఏంటమ్మా, అన్నిట్లోనూ ఒకే వైపు చూస్తున్నావు?” అని అడిగింది. ఎవరైనా ఎదురుగా వచ్చి, వాళ్ళ చూపు ఒక్క క్షణం ఆగిందంటే చాలు, త్రిపుర మెడ దానంతట అదే కుడి బుగ్గ చూపించేలా తిరిగేది. ఎదుటివాళ్ళకి ఇబ్బంది కాకూడదని. తన ముఖం వాళ్ళకి కలిగించే ఇబ్బంది బాధ్యత కూడా తనదే అన్నట్టు.

వార్షికోత్సవం నాడు సువాసినీ పూజ ఉంటుంది. అర్చకుడి భార్యని పీట మీద కూర్చోబెట్టి, అమ్మవారిగా భావించి కాళ్ళు కడిగి, పసుపు రాసి, బుగ్గలకి గంధం అలది, కుంకుమ పెడతారు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ వరసగా వచ్చి దండం పెడతారు. పెళ్ళైన ఏడాది నుంచీ త్రిపురే కూర్చునేది. మచ్చ తేలిన ఏడాది అత్తగారు పడమటి గదిలోకి పిలిచి, “నాకేం లేదే, చూసేవాళ్ళ మనసు ఒకలా ఉండదుగా” అంటూ మొదలుపెట్టింది. ఆ మాట పూర్తయ్యేలోపలే త్రిపుర అందుకుంది. నేనే వంటలో ఉంటానత్తయ్యా, శ్రీరమ్యని కూర్చోబెట్టండి అంది. శ్రీరమ్య ఆమె తోటికోడలు. మరిది సాయిరాఘవకి హనుమాన్ జంక్షన్‌లో ఆఫీసు, కాపురం అక్కడే. అత్తగారు కళ్ళు తుడుచుకుని, నీ అంత అర్థం చేసుకునేవాళ్ళు ఉండరమ్మా అంది. ఆవిడ పోయి మూడేళ్ళైంది. పీట మీద మాత్రం ఆరేళ్ళుగా శ్రీరమ్యే. వంటపాకలో త్రిపుర రెండొందల మందికి పులిహోర కలుపుతూ గంటలు వింటుంది. అంతా అయ్యాక శ్రీరమ్య లోపలికొచ్చి, కూర్చుని కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కాయక్కా అంటుంది. మంచి పిల్ల. ఆ మాటలో చెడు లేదు.

తనని ఎవరూ పీట మీద నుంచి లేపలేదు. వాళ్ళు లేపకముందే తనే లేచింది. ఆరేళ్ళుగా త్రిపురని తినేస్తున్నది అదే. ఎవరైనా లేపి ఉంటే కనీసం వాళ్ళ మీద కోపం తెచ్చుకోవచ్చు.

గంధపు చెక్క సాన మీద అరగదీసి, గిన్నెలోకి తీసి, వెండి ముఖాన్ని ఒళ్ళో పెట్టుకుంది. నిజానికి ఆ మచ్చ ఆమెకి కొత్త కాదు. కార్తీకంలోనే చూసింది. అప్పుడు ఆవగింజంత ఉండేది. ప్రతి గురువారం అమ్మవారి నామాలు లోపల అనుకుంటూ తోముతుంటే తన బొటనవేలు సహజంగా వెళ్ళి ఆగే చోటు అది. పద్దెనిమిదేళ్ళు ఒకే వేలు, ఒకే చోట. నామాలు సగం దాటేసరికి తనకొక ముఖం ఉందని ఆమె మరిచిపోయేది. వారంలో ఆ గంట ఒక్కటే అలాంటిది. వెండిలో తన నీడ పొడుగ్గా, వంకరగా, ఏది మచ్చో ఏది చర్మమో తెలియకుండా కదిలేది. ఆ నీడ ఎవరిదని ఆమె ఎన్నడూ పట్టించుకోలేదు.

ఇప్పుడు వేలి కొసన గంధం తీసుకుని, ఎరుపు మీద ఆనించబోతూ ఆగింది. అలసట వల్ల కాదు. ఒక మామూలు విషయం ఇన్నాళ్ళకి తోచింది. కార్తీకంలో ఆవగింజంత ఎరుపు చూసినప్పుడు ఆమెకి ఏమనిపించింది? గుర్తు చేసుకుంది. ఏమీ అనిపించలేదు. అయ్యో అమ్మవారి అందం పోయిందే అనుకోలేదు. ఎక్కడిదాకా వస్తుందో అనుకోలేదు. ఆ వారం నామాలు ఒక్కటి కూడా తగ్గించలేదు. వెండి ఉన్నంత మేరే అమ్మవారు, రాగి తేలిన చోట కాదు అని ఆమె మనసుకి తోచనే లేదు. ఆ మాటకొస్తే వెండి ముఖం తీసేశాక, ముక్కు లేని నల్లరాయిని గడప బయట నుంచి చూసినప్పుడే ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అంటే అలా చూడగలిగే చూపు తనకి ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఉంది. దాన్ని గురువారం గురువారం వాడి, పని కాగానే విభూతి గుడ్డతో పాటు గూట్లో పెట్టేస్తోంది. తన దాకా వచ్చేసరికి అత్తగారి కళ్ళు, ఉమాపతి కళ్ళు, ఎవరెవరివో కళ్ళు అరువు తెచ్చుకుని చూసుకుంటోంది.

గంధం గిన్నె పక్కన పెట్టేసి, రాగి కనిపించే చోటుతో సహా ముఖమంతా విభూతితో తోమింది. ఎరుపు కూడా మెరిసింది.

సాయంత్రం ఉమాపతి వచ్చి చూసి, “ఇదేంటి?” అన్నాడు.

“నేను పూయనండీ.”

“ఎందుకు పూయవు?”

ఆమె దగ్గర ఉన్న జవాబు అతనితో చెప్పగలిగేది కాదు. “రంగు కుదరదు” అంది. అబద్ధం కాదు. ఉమాపతి గంధం గిన్నె తనే తీసుకున్నాడు. నీళ్ళు ఎక్కువ పోశాడు. అది బుగ్గ మీద నుంచి జారి గడ్డం దగ్గర చేరింది. మూడుసార్లు పూశాడు, మూడుసార్లు తుడిచాడు. చివరికి మల్లెదండతో కప్పేద్దాంలే అని తనకి తనే చెప్పుకున్నాడు.

శుక్రవారం పొద్దున త్రిపుర అలవాటు ప్రకారం లేచి, అలవాటు ప్రకారం క్రీము అద్దుకుంది. బుధవారం తెలిసినది శుక్రవారానికి చేతిలోకి రావాలని ఎక్కడుంది? గుడి మండపాన్ని ఆనుకుని ఉన్న వంటపాకలో పులిహోర అన్నం ఆరబోసి, చింతపండు పులుసు పక్కన పెట్టుకుని కూర్చుంది. పదిన్నరకి హారతి గంటలు మొదలయ్యాయి. గర్భగుడిలో దీపాల వేడి, బయట ఎండ వేడి. మల్లెదండ వాడిపోయి, బరువుకి పక్కకి జారింది. అమ్మవారి ఎడమ బుగ్గ ఊరందరికీ కనిపించింది. ఉమాపతి చేతిలో హారతి పళ్ళెం ఉంది, సర్దడానికి లేదు. బసవపున్నారావు తల పైకెత్తి ఫ్యాన్ వంక చూడసాగాడు.

కిటికీ అవతల మండపంలో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళ మాటలు త్రిపురకి వినిపించాయి.

“అమ్మకి బుగ్గ ఎర్రబడిందేంటే?”

“ఎండలకి. ఎట్టా కాస్తున్నాయో చూట్టంలా?”

ఇద్దరూ లెంపలు వేసుకుని, హారతి కళ్ళకద్దుకుని పక్కకి జరిగారు. తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. ఎవరి దండం వాళ్ళు పెట్టుకున్నారు, ఎవరి కోరిక వాళ్ళు చెప్పుకున్నారు. త్రిపురకి నవ్వొచ్చింది. నవ్వుతూనే లేచి పాక బయట కుళాయి తిప్పి, ముఖం మీద నీళ్ళు కొట్టుకుంది. కొంగుతో గట్టిగా తుడుచుకుంటే బట్టకి గోధుమరంగు అంటింది. ఇంకోసారి కడుక్కుంది, బట్టకి ఏ రంగూ అంటనిదాకా.

మండపంలో పీట వేసి ఉంది. శ్రీరమ్య పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చోబోతోంది.

“శ్రీరమ్యా, అన్నం ఆరింది. నువ్వెళ్ళి పులిహోర కలుపు. పోపు మూకుడులో ఉంది” అంది త్రిపుర.

శ్రీరమ్య ఆమె ముఖం వంక చూసింది. ఆరేళ్ళలో క్రీము లేకుండా చూడటం అదే మొదలు. ఏదో అనబోయి, “ఉప్పు వేశావా అక్కా?” అంది.

“వేశాను. చూసి వెయ్యి.”

గర్భగుడి గుమ్మంలో ఉమాపతి నిలబడి ఉన్నాడు. అందరి ముందూ అతను అనగలిగింది ఏమీ లేదు. ఇంటికెళ్ళాక అంటాడని త్రిపురకి తెలుసు. అన్నీ విన్నవే.

పీట మీద కూర్చుంది. ఎదురుగా గుమ్మంలోంచి రాగి బుగ్గతో అమ్మవారు తిన్నగా చూస్తోంది. ఇక్కడ కూర్చోబెట్టి పూజ చేసేది తన ముఖాన్ని కాదు, ఎప్పుడూ కాదు. తనలో ఉందని వాళ్ళు నమ్మే అమ్మవారిని. ఆ నమ్మకాన్ని వాళ్ళకంటే ముందు తనే వదిలేసి వంటపాకలోకి వెళ్ళి కూర్చుంది.

గోవిందమ్మ వచ్చి కాళ్ళు కడిగింది. పసుపు రాసింది. వంగిన నడుము నెమ్మదిగా ఎత్తి, గంధం గిన్నెలో వేళ్ళు ముంచి, బుగ్గలకి అలదడానికి చెయ్యి చాచింది. వెనక ఆడవాళ్ళ మాటలు తగ్గాయి. పెదవి మూల నుంచి చెవి దాకా పరుచుకున్న తెలుపు ముందు గోవిందమ్మ చెయ్యి గాలిలో ఆగింది. ఎప్పుడూ ఇక్కడే త్రిపుర మెడ కదిలేది, కుడి బుగ్గ ముందుకొచ్చేది, ఎదుటివాళ్ళ పని సులువయ్యేది.

ఆ ఆగడం గోవిందమ్మది. ఎంతసేపు ఆగుతుందో ఆవిడ ఇష్టం.

త్రిపుర ముఖం తిప్పలేదు.