నున్నటి గోళం

లిఫ్టు మెకానిక్ ఇంటి వెనక గదిలో ఒక యంత్రం తల లేకుండా నిలబడి ఉండేది. నిలువెత్తు ప్లాస్టిక్ గొట్టం, అందులో తిరిగే రబ్బరు బెల్టు, కింద పాత కుట్టుమిషను మోటారు. బెల్టు రాపిడికి పుట్టే కరెంటు పైన ఒక లోహపు గోళంలో పోగవ్వాలి. దగ్గరికి ఇంకో చిన్న గోళం తెస్తే రెండింటి మధ్య మెరుపు దూకాలి. అదీ అతని సరదా. ఆ పెద్ద గోళమే దొరకలేదు. రెండు స్టీలు గిన్నెలు బోర్లించి అతికిస్తే, అతుకు దగ్గర కరెంటంతా బుస్సుమంటూ గాల్లో కలిసిపోయింది. గోళం నున్నగా ఉండాలి, ఎక్కడా పదునైన అంచు ఉండకూడదు. పాత్రల కొట్లూ, తోట అలంకారాల దుకాణాలూ చెప్పులరిగేలా తిరిగాడు.

ఆరు నెలలకు పాత ఇనుప సామాన్ల కొట్లో, రెండు చేతులా కావలించుకునేంత గోళం కనబడింది. దానికున్న చిన్న మూత బిగుసుకుపోయింది. మూతబడ్డ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందనీ, అంతకుమించి తనకు తెలీదనీ కొట్టతను చెప్పాడు. మెకానిక్ చెవికి అదేం ఎక్కలేదు. చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాడు. మర్నాడు పొద్దున్నే గేట్లు చేసే వెల్డరుకు అప్పగించి, అడుగున గొట్టం పట్టేంత కన్నం కోయమన్నాడు. మధ్యాహ్నం చూస్తానన్నాడు వెల్డరు.

భోజనాల దగ్గర ఇంటిల్లిపాదికీ ఆ గోళం కథే. బస్సు కుదుపులకు లోపలేదో తొణికిందని కూడా నవ్వుతూ చెప్పాడు. వదిన నవ్వలేదు. ఆవిడ రంగుల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి.

"లోపలేముందో తెలీకుండా దానికి నిప్పు చూపిస్తారా? ఖాళీ పీపాలే పేలిపోవడం నా కళ్లతో చూశాను. ముందు లేచి ఆపు."

అతను వెంటనే వెల్డరుకు ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి పరుగెత్తాడు. సందు మలుపులో గ్రైండరు రొద వినబడింది. అయినా ఆగలేదు.

వెల్డరు కోస్తున్నది కిటికీ ఊచ. గోళం షాపు బయట, ఎండ తగలకుండా గోడ నీడన, తడిగోనె కప్పుకుని ఉంది.

"దానికి గ్రైండరు పెట్టలేదండీ. ఊపితే చప్పుడైంది. మీరొచ్చి ఎక్కడిదో చెప్తేగానీ కొయ్యనని పక్కన పెట్టేశా. ఈ రొదలో ఫోను వినబడలేదు," అన్నాడు వెల్డరు.

మెకానిక్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. అక్కడే మెట్టు మీద కూలబడి, వెల్డరు చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి తేరుకుని అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేశాడు. వాళ్లొచ్చి మూత దగ్గర వాసన చూసి, ఇట్టే అంటుకునే రసాయనమేదో ఉందంటూ జాగ్రత్తగా పట్టుకుపోయారు. వదినకు ఫోను చేసి "గండం గడిచింది వదినా" అన్నాడు. "ముందు ఇంటికొచ్చి అన్నం తిను," అందావిడ.

అతను చేతులూపుకుంటూ బయల్దేరుతుంటే వెల్డరు వెనక్కి పిలిచి, అసలు దేనికా గోళమని అడిగాడు. విని లోపలికెళ్లి, గేటు స్తంభాల మీద పెట్టే స్టీలు బంతి ఒకటి తెచ్చాడు. బోలుది, అద్దంలా ఉంది. అడుగున కన్నం ముందే ఉంది, దాని అంచు లోపలికి మడిచి ఉంది.

"ఇలాంటివి నెలకో పది చేస్తానండీ. మొదటే చెప్పుంటే సరిపోయేది కదా."

ఆదివారం వెల్డరు కూడా వచ్చాడు. మోటారు తిరిగింది, బెల్టు గరగరమంది, వేలెడు పొడవు నీలిమెరుపు ఠప్పుమని దూకింది. తలుపు దగ్గర దూరంగా నిలబడ్డ వదిన, ఏదీ, ఇంకోసారి చూపించమంది.