నీలం తెరా, బావగారి అనుభవమూ

కంప్యూటర్ల గురించి బావగారికి తెలియనిది లేదు. ఆ మాట ఆయనే చెప్పేవాడు, ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. ప్రింటర్లు అమ్మే కంపెనీలో ఇరవై ఏళ్ల సర్వీసు మరి. ఇంట్లో వైరున్న వస్తువు ఏది మొరాయించినా భార్య ఆయన్నే పిలిచేది. ఆయన దాన్ని విప్పేవాడు. ఆ తర్వాత అందరూ వెళ్లి కొత్తది కొనుక్కొచ్చేవారు.

అలాంటి మహానుభావుడి చేతికి మరదలు తన కంప్యూటర్ అప్పగించింది. ఆమె ఇంటీరియర్ డిజైనర్. ఒకరి కింద కాకుండా సొంతంగా తెచ్చుకున్న మొదటి పని, ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డు. శుక్రవారం పదకొండింటికి ఆ ఆసుపత్రి డాక్టరమ్మ ఈమె ఆఫీసుకొచ్చి, వార్డులో నడుస్తున్నట్టే తెరమీద చూసి ఊ అంటే పని ఖాయం. ఉహూ అంటే ఎగరేసుకుపోవడానికి పెద్ద సంస్థ ఒకటి కాచుక్కూర్చుంది. అందుకే తెరమీద బొమ్మలు ఆగకుండా కదలడానికి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంది. దాన్ని బిగించడం పావుగంట పని. దాన్ని పనిచేయించే డ్రైవర్ అనే ప్రోగ్రామ్‌ను, ఆ కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌లో ఎక్కించడం మాత్రం బావగారి చేతిలో మూడు రోజుల యజ్ఞమైంది. ఎక్కించడం, రీస్టార్ట్ చేయడం, డ్రైవర్ పనిచేయకపోవడం, కార్డును తిట్టడం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

శుక్రవారం తొమ్మిదిన్నరకి నాలుగోసారి మొదలెట్టాడు.

"బావగారూ, ఇంకా గంటన్నరే ఉంది. వార్డు తిప్పబోతే మంచం ఒకచోట, దాని నీడ ఇంకోచోట ఆగిపోతున్నాయి."

"కార్డే చెత్తదమ్మా. కొనేముందు నన్నొక్క మాట అడగాల్సింది."

మధ్యలో తెర ఏదో పెద్ద పేరా చూపించి పాస్‌వర్డ్ పెట్టమంది. ఆయన పేరా వైపైనా చూడకుండా చేతికొచ్చింది కొట్టాడు. రీస్టార్ట్ కాగానే నీలం తెరమీద నాలుగు వరుసలు కనబడ్డాయి. ఆమె మొదటి వరుస చదివేలోపే ఎంటర్ నొక్కేశాడు.

"అదేదో అడుగుతోంది కదా?"

"నీలం తెర వస్తే కంగారు పడకూడదు. ఎంటర్ కొడితే పోతుంది. ఇవన్నీ అనుభవం మీద వస్తాయి."

"నాలుగుసార్లూ అదే కొట్టారా?"

"మరి!" అన్నాడు గర్వంగా.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "లేవండి," అని కుర్చీ లాక్కుంది.

ఆ పేరాను మళ్లీ తెప్పించి చదివింది. రాసినవాడెవడో పాపం పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. కొత్త డ్రైవర్‌ను ఈ మిషన్ ఊరికే నమ్మదు. ఇప్పుడొక పాస్‌వర్డ్ పెట్టు, రీస్టార్ట్‌లో నీలం తెర వస్తుంది, అక్కడ రెండో వరుస ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వు. మొదటి వరుస నొక్కావా, ఇప్పటికి వద్దన్నట్టే. అంటే ప్రతిసారీ డ్రైవర్‌ను శ్రద్ధగా ఎక్కించిందీ ఆయనే, వద్దని తోసేసిందీ ఆయనే.

ఆమె తన పాస్‌వర్డ్ పెట్టి రీస్టార్ట్ చేసింది. నీలం తెరమీద రెండో వరుస ఎంచుకుంది, అదే పాస్‌వర్డ్ ఇచ్చింది. పదింపావుకి కార్డు పేరు, వేడి, మెమరీ అన్నీ తెరమీద కనిపించాయి. వార్డు తలుపు దగ్గర్నుంచి కిటికీ దాకా ఎక్కడా తడబడకుండా కదిలింది. సంతోషంతో కళ్లు తడిశాయామెకు. వెంటనే సిగ్గూ వేసింది. నాలుగుసార్లూ ఆ తెర తన కళ్లెదుటే వచ్చింది. బావగారు చూసుకుంటారులే అని తనూ చదవలేదు.

డాక్టరమ్మ చూసింది, రెండు మంచాలు జరపమంది, సరేనంది. "సోమవారం మా మీటింగ్‌లో కూడా చూపించండి. అక్కడ ఇది ఆగిపోతే ఎవరితో మాట్లాడాలి?"

"నాతోనండీ," అని ముందుకొచ్చాడు బావగారు. "మూడు రోజులు కూర్చుని సెట్ చేశాను. నా నంబర్ రాసుకోండి."

"నాతోనే మాట్లాడండి డాక్టర్‌గారూ," అంది ఆమె. "సెట్ చేసింది నేను."

డాక్టరమ్మ మెట్లు దిగేదాకా ఆగి బావగారు బుసకొట్టాడు. "పరాయి మనిషి ముందు నా పరువు తీశావు."

"మూడు రోజులు నా పరువు మీ చేతిలో పెట్టాను బావగారూ," అంది ఆమె. "ఆ తప్పు మాత్రం నాదే."