పొదుపమ్మ పళ్లేలు

ఆసుపత్రి ల్యాబులో ఆమెను అందరూ పొదుపమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది పెద్ద మేడమ్. పెట్టిననాడు ఆమె మురిసిపోయింది కూడా. అక్కడి పని తెలిస్తే ఎందుకు మురిసిందో అర్థమవుతుంది. రోగి నుంచి తీసిన క్రిమిని గాజు పళ్లెంలో జెల్లీ మీద పెంచి, పైన మందు బిళ్లలు పెడతారు. ఏ బిళ్ల చుట్టూ క్రిమి చచ్చి పెద్ద వలయం ఏర్పడితే ఆ మందు పనిచేస్తుందన్నమాట. ఆ జెల్లీ పొడి ఓడలో రావాలి. వచ్చినప్పుడే వచ్చినట్టు. ఇంకొకరైతే చేతులెత్తేసేవారు. పొదుపమ్మ మాత్రం అనుకోకుండా చుట్టాలొచ్చిన ఇంట్లో పాలు సర్దినట్టు, పళ్లేల్లో పలచగా పోసి డబ్బాను నెలల తరబడి ఈడ్చుకొచ్చేది.

పలచగా పోస్తే వలయం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుందని ఆమెకు శిక్షణలో చెప్పారు. చెప్పినవాళ్లు పొడి మాత్రం ఇవ్వలేదు.

ఏడాదికోసారి దళసరిగా పోసేది. మనుషుల్లోనూ పశువుల్లోనూ మందులకు లొంగని క్రిములు ఎక్కడ పెరుగుతున్నాయో కనిపెట్టడానికి చాలా దేశాలు కలిసి పెట్టుకున్న సంఘం ఒకటుంది. అది ల్యాబులన్నిటికీ ఒకే క్రిమిని పంపి పరీక్ష పెడుతుంది. నెగ్గిన ల్యాబుల రోజువారీ లెక్కలే దాని పటంలోకి ఎక్కుతాయి. ఆ క్రిమి వచ్చిన రోజున ఇంటికి కొత్తల్లుడొచ్చినంత హడావుడి. కొలిచి పోసిన పళ్లేలు, కొత్త బిళ్లలు, ఊపిరి బిగబట్టి చూడటాలు. ఈసారీ నూటికి నూరు వచ్చాయి. పటంలో వాళ్ల ప్రాంతం, క్రిములు మందులకు లొంగుతున్న చోటుగా, పచ్చగా నిలిచింది.

ఆ వారమే ఆమె మరిది అదే ఆసుపత్రిలో చేరాడు. అతను పాల డెయిరీలో పనివాడు. కాలిమీద ఆవు తన్నిన గాయానికి చీము పట్టింది. ఆ చీము పరీక్ష ఆమే చేసింది, మామూలు పలచటి పళ్లెంలోనే. పొదుగు వాచిన ఆవులకు పొడిచే మందు చుట్టూ చక్కటి వలయం వచ్చింది. డాక్టరు ఆ మందే మొదలుపెట్టాడు.

"ఆవులకు నేను పొడిచిందే నాకూ పొడుస్తున్నారు వదినా. రేపట్నుంచి నన్నూ పితుకుతారేమో!"

"నువ్వు పాలిచ్చే రకమా? తన్నే రకం," అంది పొదుపమ్మ.

మరిది నవ్వాడు. "నీ చేతి పరీక్ష కదా. నాకేం భయం?"

జ్వరం దిగలేదు. ఎరుపు మోకాలు దాటి పైకి పాకింది. సంఘం పరీక్షకు పోసిన దళసరి పళ్లెం ఒకటి ఫ్రిజ్‌లో మిగిలి ఉంది. మరిది క్రిమిని దానిమీద పరిచి, అవే బిళ్లలు పెట్టింది. మర్నాడు తీసి చూస్తే, అతనికి ఎక్కిస్తున్న మందు చుట్టూ వలయం గోరంచంత. వేరే మందు చుట్టూ మాత్రమే చోటు ఖాళీ అయింది.

డాక్టరుకు చెప్పి మందు మార్పించి, మేడమ్ గదికి పరుగెత్తింది.

"మన రిపోర్టులు తప్పు మేడమ్. మావాడిదొక్కటే కాదు."

మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "నాకు తెలియదనుకున్నావా? ఆ మాట పైకి రాస్తే మనల్ని పటంలోంచి తీసేస్తారు. పొడి మాత్రం పంపరు."

"పటం పచ్చగా ఉందనే కదండీ, డెయిరీల్లో ఆ మందు ఇంకా వాడనిస్తున్నారు?"

మేడమ్ తుడిచిన అద్దాలనే మళ్లీ తుడిచింది.

కొత్త మందు మంచిదే, మనిషే మిగిలేలా లేడు. విషం రక్తమంతా పాకింది. తెలివి ఉన్న ఆఖరి పూట మరిది అడిగాడు.

"రిపోర్టు మారిందటగా వదినా. క్రిమి మాట తప్పిందా?"

"తప్పింది," అందామె.

"ముదనష్టపుది," అని కళ్లు మూసుకున్నాడు. తప్పు తనదేనని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. మళ్లీ అతను తెలివిలోకి రాలేదు.

కర్మలు ముగించి వచ్చాక ఆమె అన్ని పళ్లేల్లోనూ దళసరిగా పోసింది. ఎవరూ వద్దనలేదు. డబ్బా చూస్తుండగానే అడుగంటింది. తర్వాత రోగుల చీము, రక్తం పట్టి తెచ్చిన సీసాలన్నీ ల్యాబు కిటికీలోంచే తిరిగి వెళ్లాయి. పరీక్ష లేని రోగులకు డాక్టర్లు చీకట్లో రాయి వేసినట్టు మందు రాశారు. వాళ్లలో ఎవరు బతికారో, ఎవరు పోయారో ఆమెకు తెలియనే లేదు. అది ఇంకా నరకం.

ఎప్పటికో కొత్త డబ్బా వచ్చింది. మేడమ్ దాన్ని బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. కిటికీ బయట వరుస మెట్లదాకా ఉంది. ముందున్న ఆడమనిషి సీసా అందించింది. భర్త డెయిరీలో కొట్టాలు కడుగుతాడట, చేయి వాచిందట.

"ఏ మందు పనిచేస్తుందో ఇందులో తెలిసిపోతుంది కదమ్మా?"

పొదుపమ్మ ఆ వరుస చివరిదాకా చూసింది. జెల్లీ కుప్పె వంచి, పళ్లెం అడుగు కప్పేంత మాత్రమే పోసింది.

"తెలుస్తుందమ్మా," అంది.